గూటిని కాచుట కాయకమగునా?

తెలిసి చేసిన హింసకు కర్త బాధ్యుడనుటలో వివాదము లేదు. కాని తాను చూడని ప్రాణికి, తాను తలపెట్టని హాని తన వృత్తివలన కలిగినచో బాధ్యత యెవరిది? భూగర్భమున బొగ్గు త్రవ్వువానికి, తన నెత్తిపైనున్న కొండచరియలో పక్షిగూడు కలదని యెట్లు తెలియును? తెలియకపోవుటయే నిర్దోషత్వమగునా? కాయకమును పూజతో సమానముగా నెంచు వీరశైవులు ఆలోచింపదగిన ప్రశ్న యిది.

అమెరికాలోని యూటా రాష్ట్రమున భూగర్భపు బొగ్గుగనులు కొండల క్రిందుగా వ్యాపించియున్నవి. బొగ్గు తీసినచోట పైనేల క్రుంగును. దానివలన కొండచరియలు విఱిగిపడవచ్చును. ఆ చరియలందే బంగారు గ్రద్దలు ఏటేట పాతగూళ్లకు తిరిగివచ్చి పిల్లలను పెంచును. కావున గనుల పరిసరములను హెలికాప్టరునుండి పరిశీలించి, ఏ గూటిలో పక్షి కలదో, ఏది శూన్యముగా నున్నదో వ్రాసికొందురు. అక్కడ ఆ గ్రద్దలకు చట్టరక్షణ కలదు. చట్టభయమున జరుగు పనిని ధర్మబుద్ధితో చేయువాడు అంతకన్న అధికుడు గదా!

అయితే దయ యొక్కటియే చాలునా? చాలదని రాబందుల చరిత్ర చెప్పుచున్నది. నొప్పితో బాధపడు ఎద్దులకు, ఆవులకు ఉపశమనార్థము డైక్లోఫెనాక్ అను మందు నిచ్చెడివారు. ఇచ్చినవారి హృదయమున నున్నది దయయే. కాని ఆ పశువు మరణించిన పిదప దాని కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చిపోయినవి. కారణము 2004లో వెల్లడియైనది. 2006లో పశువైద్యమున ఆ మందును మన దేశము నిషేధించెను. అప్పటికే దేశమున రాబందులు అత్యధికభాగము నశించెను. వృషభముపై చూపిన దయ పక్షికి మృత్యువైనది. దయకు ఎఱుక తోడు కానిచో ఫలమిట్లుండును.

ఆ ఎఱుకకై చేసిన ప్రయత్నము తెలుగునాట కలదు. ఉత్తర తెలంగాణమున, ప్రాణహిత పరీవాహకమందలి బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్టపై రాబందులు గూళ్లు పెట్టుట 2013లో గుర్తింపబడినది. అటవీశాఖవారు వాటిని కనిపెట్టి చూచుటకు పూనుకొనిరి. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డునే పెట్టును. ఒక్క గూడు చెడిన ఆ జంటకు ఒక సంవత్సరము వ్యర్థము. కావున అచట ప్రతి గూటిని లెక్కించుట వృథాశ్రమ కాదు.

ఇక మార్టూరు ప్రాంతమును చూడుడు. ఇచట భూగర్భగనులు లేవు; బల్లికురవ కొండల గ్రానైటు క్వారీలు కలవు. ఆ రాతిని కోసి మెఱుగుపెట్టు కర్మాగారములు మార్టూరున కలవు. రాతిగట్టులు, విడిచిన క్వారీగోతులు కొమ్ములవంటి ఈకలుగల పెద్ద గుడ్లగూబకు అనువైన తావులు. అది పుల్లలతో గూడు కట్టదు. గట్టుమీది వట్టినేలపైననే గ్రుడ్లు పెట్టును. కార్తీకము మొదలు చైత్రము వఱకు దాని సంతానకాలము. చూడవలెనని చూచిన వానికే అది కనబడును. మిరపచేలలో, ప్రత్తిచేలలో ఎలుకలను పట్టి తిను ఈ పక్షిని అపశకునమని తఱుముట మన ఊళ్లలో కలదు. శకునములను బసవాది శరణులు పాటింపలేదు. వారి పేరు చెప్పుకొనువారు గూబను చూచి భయపడుట తగునా?

రాయి కొట్టు కూలివాని ఆకలికంటె పక్షి యెక్కువయా యని కొందఱడుగుదురు. ఎక్కువ కాదు. క్వారీని మూయుమని యెవరును కోరుట లేదు. మందుగుండు పేల్చుటకు ముందు గట్టును పరికించుట, గ్రుడ్లున్నచో పిల్లలు ఎగిరిపోవు వఱకు ఆ ప్రక్కను విడిచి వేఱొక ప్రక్కను త్రవ్వుట కోరదగినది. ఈ భారమును దినకూలిపై మోపుట అన్యాయము. లాభము పొందు యజమాని దానిని వహింపవలెను. ఆ రాతిని గృహముననో మఠముననో పఱపించువాడు, గట్టును చూచి త్రవ్వితిరా యని అమ్మువానిని అడుగవలెను.

ధర్మమును దయనుండి వేఱుచేయరాదని బసవేశ్వరుని బోధ. చూడక చేసిన పని తెలియక చేసిన పని యని చెప్పుకొనవచ్చును. చూడగలిగియు చూడనివానికి ఆ మాట చెల్లదు. కొండయెదుట గంటలకొలది కూర్చుండి, గూటిలోని ప్రాణిని లెక్క వ్రాసికొనువాని చేతిలో పనిముట్టు కనబడకపోవచ్చును. అయినను అతడు చేయునది కాయకమే.