ఔషధము - పంక్తిభేదము

ఒకే పంక్తిలో కూర్చున్నవారికి వేర్వేరుగా వడ్డించుట పంక్తిభేదమని పెద్దలు నిందించిరి. ఏమియు లేనినాడు వడ్డింపకపోవుట లేమి. ఉండియు కొందరి విస్తళ్లను దాటిపోవుట దోషము. ఈ వివేచన అన్నమునకే కాదు, ఔషధమునకును వర్తించును.

ప్రపంచీకరణము లోకమునంతటిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టినది. సరకులతోపాటు రోగములును ఎల్లలు దాటుచున్నవి. కాని వడ్డన సమముగా జరుగుచున్నదా?

ఎయిడ్సు వ్యాధి చరిత్రయే ఇందుకు నిదర్శనము. మూడు మందులను కలిపి ఇచ్చినచో రోగి బ్రతుకునని 1996 నాటికి తేలినది. సంపన్నదేశములలో మరణములు త్వరలోనే తగ్గినవి. అయితే ఆ చికిత్సకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా వ్యయమగుచుండెను. రోగులలో అధికసంఖ్యాకులు ఆఫ్రికాలో నుండిరి. వారికి మందు అందలేదు. వారి ప్రాణములను హరించినది రోగమొక్కటియే కాదు, ధర కూడ.

1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు మందులపై ఇరువది సంవత్సరముల పేటెంటు హక్కును కల్పించినవి. భారతదేశమున మాత్రము 1970 నాటి చట్టము మందునకు గాక, తయారీ విధానమునకే పేటెంటు నిచ్చెను. 2005లో ఆ చట్టము మారువరకు మన సంస్థలు అదే మందును వేరొక విధానమున చౌకగా తయారుచేయగలిగినవి. 2001లో ముంబయి నగరపు సిప్లా సంస్థ ఆ మూడు మందులను ఏడాదికి 350 డాలర్లకే ఇవ్వజూపెను. మందు గుణము తగ్గలేదు, ధరయే తగ్గినది.

ఇచట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. ప్రతిఫలము లేనిచో క్రొత్త మందులకై ధనము వెచ్చించువారెవరు? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. శ్రమకు ఫలము న్యాయమే. కాని ఆ ధర నెన్నడును చెల్లింపలేని నిరుపేద కొనుగోలుదారుడే కాడు. అతనికి చౌకగా అందినచో శోధకునకు కలుగు నష్టము స్వల్పము. అందనిచో అతనికి కలుగు నష్టము ప్రాణమే. పైగా ఎయిడ్సునకు తొలి మందైన జిడోవుడిన్ 1964లో అమెరికా ప్రభుత్వధనముతో సాగిన పరిశోధనలో పుట్టినదే.

ఈ పాఠమును లోకము పూర్తిగా నేర్చుకొనలేదు. 2021లో సంపన్నదేశములు కోవిడు టీకా మూడవ మోతాదును మొదలిడినపుడు, ఆఫ్రికాలో వైద్యసేవకులలో ఎందరికో మొదటి మోతాదైనను అందలేదు.

లాభమును ఆశించుట తప్పు కాదు. ప్రాణము నిలుపు వస్తువు చేతనుండియు, ఎదుటివాని పేదరికమును చూచి దాటిపోవుటయే తప్పు. దూరదేశములలో ఈ దోషము నెంచు వివేకవంతులు తమ ఊరి వైద్యశాల వాకిటను దానిని గుర్తింపవలెను. పంక్తి ఒకటైనపుడు వడ్డనయు ఒకటి కావలెను.