పరుల శోభకై పనిచేసేవాడి ధర్మం

ఒక వస్తువును పదిమందీ చూసేలా అమర్చిపెట్టిన మనిషికి ఆ చూపులో తనదంటూ ఏమైనా మిగులుతుందా అన్నది వృత్తికి సంబంధించిన ప్రశ్నలా కనిపించినా, నిజానికి తత్త్వవిచారణకు చెందిన ప్రశ్న. మ్యూజియంలోనో, స్మారక భవనంలోనో, వాణిజ్య ప్రదర్శనలోనో వస్తువులకూ వాటిని చూడవచ్చిన జనానికీ మధ్యనున్న స్థలాన్ని తీర్చిదిద్దే పనిని నేడు ఎగ్జిబిషన్ డిజైన్ అనీ, స్పేషియల్ డిజైన్ అనీ పిలుస్తున్నారు. ఈ పని ఎంత బాగా కుదిరితే చేసినవాడు అంత తక్కువగా కనబడతాడు. పైగా గడువు తీరగానే గోడలనూ దీపాలనూ విప్పేస్తారు గనుక చాలా సందర్భాల్లో చేసిన పనికి ఆనవాలు కూడా ఉండదు. పేరు కనబడని, పని నిలవని ఇటువంటి వృత్తి మీద జీవితాన్ని కట్టుకోవడం సమంజసమేనా, అయితే ఏ ఆధారం మీద అన్న విచారణకు తమిళనాడులోని రాజపాళయం పరిసరాలు మంచి ఆలంబననిస్తాయి.

విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయంలో, విజయనగర కాలంలోనూ ఆ తరువాతా తెలుగు నేల నుంచి దక్షిణానికి తరలివెళ్లిన రాజుల వంశీయులు ఈనాటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటారు. ఆ ఊరికి సమీపంలోనే ఉన్న శ్రీవిల్లిపుత్తూరు, పెరియాళ్వారుగా ప్రసిద్ధుడైన విష్ణుచిత్తుడూ ఆయన పెంపుడు కూతురు గోదాదేవీ నివసించిన పుణ్యక్షేత్రం. పదహారో శతాబ్ది తొలినాళ్లలో శ్రీకృష్ణదేవరాయలు ఆరు ఆశ్వాసాల ‘ఆముక్తమాల్యద’కు వారి కథనే ప్రధాన వస్తువుగా తీసుకున్నందువల్ల తెలుగు పాఠకులకు అది పరాయి ఊరు కాదు. విష్ణుచిత్తుడి నిత్యకృత్యం వటపత్రశాయికి పూలదండలు కట్టి సమర్పించడం. సమర్పించిన దండ త్వరలోనే నిర్మాల్యమవుతుంది, అంటే స్వామి మీది నుంచి తీసివేసిన పూవవుతుంది, మర్నాడు మళ్లీ కొత్తది కట్టాలి. నిలవనిదాన్ని, మరొకరి శోభ కోసం, బతుకంతా చేయడమన్న లక్షణంలో ఆ మాలాకారుడి పనికీ నేటి డిజైనర్ పనికీ దగ్గరి పోలిక ఉంది.

ఈ వృత్తికి భారతదేశంలో శాస్త్రీయ శిక్షణ ఏర్పడింది ఇటీవలి కాలంలోనే. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. నెహ్రూ జీవితంపై 1965లో న్యూయార్కులో ప్రారంభమైన ప్రదర్శన ఆ దంపతులూ ఆ సంస్థా కలిసి చేసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి. ఈ వృత్తిలో అడుగుపెట్టేవారు విషయపరిశోధనతో మొదలుపెట్టి, జనం నడిచే దారిని నేలపటంలో గీయడం, చిన్న నమూనా కట్టిచూడడం, వివరణ ఫలకాలు రాయించడం, వెలుతురును అదుపుచేయడం, వడ్రంగులతోనూ విద్యుత్ పనివారితోనూ కలిసి అమర్చడం, చివరికి హాని కలగకుండా విప్పడం వరకూ నేర్చుకోవలసి ఉంటుంది. పాత బట్టలూ కాగితాలూ వెలుగుకు పాడవుతాయి గనుక వాటి మీద సాధారణంగా 50 లక్స్‌కు, అంటే మామూలు ఆఫీసు గది వెలుతురులో ఎనిమిదో పదో వంతుకు, మించి పడనివ్వరు. తాకితే నలిగే వస్తువుకూ దగ్గరగా చూడాలనుకునే మనిషికీ మధ్య ఇటువంటి ఒప్పందాలు కుదర్చడమే ఈ వృత్తికి నిత్యం ఎదురయ్యే పని.

పేరు ఆశించని పని అనగానే భగవద్గీతలోని నిష్కామకర్మ గుర్తుకు రావడం సహజమే గాని, ఆ భావన ఒక్కటే ఇక్కడ చాలదు. ఫలం మీద మమకారం విడిచి కర్తవ్యం చేయమన్న ఆ బోధ కర్త మనసులోని అంటును సరిచేస్తుందే తప్ప, ఆ కర్తవ్యం ఎవరికోసం, ఏ రూపంలో ఉండాలన్నది దానంతట అది తేల్చదు. ఫలకం మీది అక్షరాలు ముసలివారికి ఆనుతున్నాయా, చక్రాల కుర్చీ ఆ మలుపు తిరుగుతుందా, జనం ఒత్తిడికి అద్దం నిలుస్తుందా అన్న విషయాల్లో డిజైనర్ ఫలాన్ని పట్టించుకుని తీరాలి; అక్కడ ఉదాసీనత వైరాగ్యం అనిపించుకోదు, నిర్లక్ష్యం అనిపించుకుంటుంది.

ఈ లోటును పూరించే భావన వేదాంతంలోనే ఉంది. వేదంలోని కర్మకాండను విచారించే మీమాంసాశాస్త్రంలో, మరొకదాని ప్రయోజనం కోసమే ఉన్నదాన్ని శేషమంటారు. యాగానికి ధాన్యమూ పాత్రలూ శేషాలు. విశిష్టాద్వైత ఆచార్యుడైన రామానుజులు ‘వేదార్థసంగ్రహం’లో ఈ భావనను మరింత లోతుకు తీసుకువెళ్లి, మరొకరికి అతిశయాన్ని, అంటే శోభనూ ఉత్కర్షనూ, కలిగించడమే స్వరూపంగా గలది శేషమనీ, అలా శోభను పొందేవాడు శేషి అనీ నిర్వచించి, జీవుడు భగవంతుడికి శేషమని సిద్ధాంతీకరించారు. ఇక్కడ శేషం పనిముట్టు మాత్రమే కాదు. పరుడికి శోభ కలిగించడంలోనే దాని ఆనందమూ వ్యక్తిత్వమూ వెల్లడవుతాయి. అందువల్ల తనను వెనక్కి నెట్టుకున్నవాడు తనను పోగొట్టుకున్నట్లు కాదన్న సమాధానం, మొదట వేసుకున్న ప్రశ్నకు ఈ సిద్ధాంతం నుంచి లభిస్తుంది.

అయితే శేషత్వమంటే తన చూపును చంపుకోవడమని పొరబడే ప్రమాదాన్ని గోద కథే తప్పిస్తుంది. స్వామికోసం కట్టిన దండను ఆమె ముందుగా తానే ధరించి, తాను ఆయనకు తగునో లేదోనని బావినీటి నీడలో చూసుకునేదనీ, అది తెలిసి తండ్రి కలతపడి వేరే దండ కట్టగా స్వామి ఆమె ధరించి విడిచినదాన్నే కోరాడనీ సంప్రదాయం చెబుతుంది. ఆమె చూసుకున్న బావిగా శ్రీవిల్లిపుత్తూరు ఆలయంలో అద్దాల బావిని నేటికీ చూపిస్తారు. అర్పించబోయే పూవును వాసన కూడా చూడరాదన్నది సాధారణ నియమం కాగా, ఈ కథ ఆ నియమాన్ని దాటి, అర్పించేవారి చూపు కూడా అర్పణలో భాగమేనని సూచిస్తున్నది. ప్రదర్శన తెరవకముందే డిజైనర్ సందర్శకుడి ఎత్తులో, సందర్శకుడి నడకతో ఆ గదులన్నీ తిరిగి చూసుకోవడానికి ఇంతకన్న గట్టి సమర్థన దొరకదు. తనకు నచ్చడం కోసం కాక, ఇది తగునా అని పరీక్షించడం కోసం చూసుకునే ఆ చూపు అహంకారం కిందికి రాదు.

అసలు చిక్కు, ఈ వృత్తిలో శేషి ఎవరన్నది. డబ్బు పెట్టే యజమాని, చూడవచ్చే జనం, ప్రదర్శనలో ఉన్న వస్తువు ముగ్గురూ ఆ స్థానాన్ని కోరతారు. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో స్థాపించిన రాజపాళయం మిల్స్ మొదలుకొని నూలు పరిశ్రమతో పెరిగిన ఆ పట్టణపు చరిత్ర మీద ఎవరైనా ప్రదర్శన తలపెట్టారనుకుంటే, స్థాపకుల చిత్రపటాలు పెద్దవిగా ఉండాలని పోషకులు కోరవచ్చు. సమీపంలోని ఛత్రపట్టిలో గాయాల కట్టు గుడ్డ నేసే మగ్గాల ముందు నిలబడినవారి చేతులు ఆ చరిత్రలో ఎక్కడ కనబడాలన్నది మాత్రం డిజైనరే అడగవలసిన ప్రశ్న అవుతుంది. వస్తువుకూ దాన్ని చేసినవారికీ న్యాయం జరగడం మొదటిదనీ, చూసేవారికి అది అందడం రెండోదనీ, యజమాని కీర్తి ఆ రెండింటి తరువాతిదనీ క్రమం పెట్టుకోనివాడి శేషత్వం త్వరలోనే కొలువుగా దిగజారుతుంది.

ప్రదర్శనలో ఉన్నది దేవతామూర్తి అయినప్పుడు ఈ క్రమం మరింత సూక్ష్మమవుతుంది. ఆలయంలో భక్తుడు చూడడమే కాదు, స్వామి కూడా భక్తుణ్ణి చూస్తాడని విశ్వాసం; మ్యూజియం గాజుపెట్టెలో చూపు ఒకవైపు నుంచే సాగుతుంది. ఆలయాన్ని జీర్ణోద్ధరణ చేసేటప్పుడు మూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయమనే తాత్కాలిక సన్నిధిలో ఉంచే ఆగమవిధి, సన్నిధి స్థలాన్ని మార్చగలదనీ, ఆ మార్పుకు పద్ధతి ఉందనీ అంగీకరిస్తుంది. పద్ధతి లేకుండా తరలిన మూర్తుల కథ వేరు. 1976లో తంజావూరు ప్రాంతపు పత్తూరులో భూమిలో దొరికి లండన్ చేరిన నటరాజ విగ్రహం విషయంలో, శిథిలమైన ఆలయం సైతం వాదిగా నిలవగలదని అక్కడి అప్పీలు కోర్టు 1991లో అంగీకరించగా విగ్రహం భారతదేశానికి తిరిగివచ్చింది. కాబట్టి వెలుగు ఎలా పడాలో ఆలోచించకముందే ఈ మూర్తి ఇక్కడికి ఎలా వచ్చిందని అడగడం డిజైనర్ బాధ్యత.

శేషత్వం పేరుతో శ్రమను దోచుకోవచ్చు గదా అన్న ఆక్షేపణ బలమైనదే. సేవ అన్న మాటను అడ్డం పెట్టుకుని కళాకారులకు కూలి ఎగవేసిన ఉదాహరణలకు కొదవలేదు. కాని రామానుజ సిద్ధాంతంలో జీవులందరూ సమానంగా భగవంతుడికే శేషాలు గనుక ఏ మనిషీ తన సొంత హక్కుతో మరొక మనిషికి శేషి కాలేడు. యజమాని ఆ పీఠమెక్కి వేతనం తగ్గించడానికి ఈ సిద్ధాంతం ఆసరా ఇవ్వదు. స్థలాన్ని తీర్చేవారు ఎవరిని లోపలికి రానిస్తారన్న విషయంలోనూ ఇదే సమత్వం గీటురాయి: మదురై మీనాక్షి ఆలయంలోకి దళితులూ నాడార్లూ ప్రవేశించగలిగింది 1939లో అంటే, అంతకుముందు ఆ మహామండపాల శోభ ఎందరికి మూసుకుపోయిందో ఊహించవచ్చు.

1949 నుంచి 1952 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయంలోని తన ఇంటిని ప్రజల కోసం ఇచ్చివేయగా అది గాంధీ కలై మన్రమన్న కళాకేంద్రమైంది. సొంత స్థలం పరుల శోభకు వేదిక కావడానికి తెలుగువాడు చూపిన ఆదర్శాల్లో అదొకటి. ఈ వృత్తిలోకి రాదలచిన యువతీయువకులు గీతలూ కంప్యూటరూ నేర్చుకోవడంతో పాటు, న్యాయమైన వేతనాన్ని అడిగి తీసుకుంటూనే, ఎవరి శోభకోసం పనిచేస్తున్నదీ ప్రతి పనికి ముందూ తేల్చుకోవాలి. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోగలిగినంతకాలం, పని విప్పేసిన మర్నాడు కూడా ఈ వృత్తి గౌరవప్రదమైనదే.