ఊరి వకీలు ఎవరి తరఫు?

లా చదివే పిల్లలకి ఇంటర్న్‌షిప్ అనగానే మొదట గుర్తొచ్చేవి హైదరాబాద్‌లో పెద్ద లా ఫర్మ్, ఢిల్లీలో సీనియర్ అడ్వొకేటు ఛాంబరు. బార్ కౌన్సిల్ 2008లో తెచ్చిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం మూడేళ్ళ కోర్సు వాళ్ళు మొత్తం 12 వారాలు, ఐదేళ్ళ కోర్సు వాళ్ళు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఏడాదిలో ఏకబిగిన నాలుగు వారాలకి మించకూడదు. ఎక్కడెక్కడ చెయ్యొచ్చో చెప్పే జాబితాలో కోర్టులు, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలతో పాటు స్థానిక ప్రభుత్వాలు కూడా ఉన్నాయి. ఆ మాట పెద్దగా ఎవరి కంటా పడదు.

న్యూయార్క్ నగరానికి సొంతంగా ఒక లా డిపార్ట్‌మెంట్ ఉంది. వేసవిలో అక్కడ లా విద్యార్థులు పని నేర్చుకుంటారు. అమలాపురం లాంటి చిన్న మున్సిపాలిటీలో అంత హంగామా ఉండదు. సాధారణంగా ఒక స్టాండింగ్ కౌన్సెల్ ఉంటారు, ఆయన సొంత ఆఫీసే లీగల్ ఆఫీసు. టౌన్ ప్లానింగ్ సెక్షన్ నుంచి ఫైలు వస్తుంది, దాంతోపాటు పేరావైజ్ రిమార్కులు వస్తాయి, వాటిని బట్టి కౌంటరు తయారవుతుంది. రాజోలులోనో కొత్తపేటలోనో ఇల్లున్న విద్యార్థికి ఇది బస్సులో వెళ్ళి వచ్చే దూరం. ఢిల్లీలో గది అద్దె కట్టుకోలేని వాళ్ళకి ఇదేమీ చిన్న సంగతి కాదు.

అయితే నన్ను పట్టి ఉంచిన ప్రశ్న వేరు. మామూలు ప్లీడరుకి క్లయింటు ఎవరో తెలుసు, వకాల్తా మీద సంతకం పెట్టినవాడు. మున్సిపాలిటీ వకీలుకి క్లయింటు ఎవరు? కమిషనరా? కౌన్సిలా? ఊరా? ఊరే అయితే, ఆ ఊళ్ళో ఇంటి పన్ను కట్టి, ఓటు వేసి, ఇప్పుడు మున్సిపాలిటీ మీదే కేసు వేసిన మనిషి ఎవరి వైపు ఉన్నట్టు?

వకీలు ధర్మం గురించి ఒక పాత సిద్ధాంతం ఉంది. 1820లో ఇంగ్లండు రాణి కారొలైన్ తరఫున వాదిస్తూ బ్రూమ్ అనే లాయరు దాన్ని తెగేసి చెప్పాడు. వకీలుకి లోకంలో తన క్లయింటు ఒక్కరే కనిపించాలి, మిగతావాళ్ళకి ఏమైనా సరే, అని. ఎదుటివాళ్ళు బలవంతులైనప్పుడు ఈ సిద్ధాంతం బాగానే ఉంటుంది. రాణికి ఎదురుగా ఉన్నది రాజు. కానీ ప్రభుత్వమే క్లయింటు, ఎదురుగా ఉన్నది ఒక మామూలు మనిషి అయినప్పుడు అదే మాట తిరగబడుతుంది. 1935లో అమెరికా సుప్రీంకోర్టు బర్గర్ కేసులో ఒక ప్రాసిక్యూటరుని మందలిస్తూ చెప్పింది ఇదే. ప్రభుత్వానికి కావలసింది కేసు గెలవడం కాదు, న్యాయం జరగడం. అది క్రిమినల్ కేసు. సివిల్ విషయంలో మన సుప్రీంకోర్టు 2009లో దాదాపు ఇక్కడికే వచ్చింది. బికనీర్‌లో అర్బన్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఒకాయన స్థలాన్ని సేకరించకుండానే దాని మీదుగా రోడ్డు వేసేసింది. ఆయన ఫిర్యాదు చేస్తే, చేసిన తప్పు దిద్దుకోవడం మానేసి సాంకేతిక అభ్యంతరాలు పట్టుకుని సుప్రీంకోర్టు దాకా పోరాడింది. ప్రభుత్వ సంస్థలు బాధ్యత గల కక్షిదారుల్లా నడుచుకోవాలని కోర్టు గట్టిగానే చెప్పింది.

అంతకు ముందు, 1980లో, మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసు ఉంది. మురుగు కాలువలు కట్టండి మహాప్రభో అని జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే, కట్టమని ఇచ్చిన ఉత్తర్వు మీద మున్సిపాలిటీ పైకోర్టులకి ఎక్కింది. మా దగ్గర డబ్బుల్లేవు అన్నది వాళ్ళ వాదన. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. కాలువ తవ్వడానికి లేని డబ్బు ఢిల్లీ దాకా కేసు నడపడానికి ఎలా దొరికిందో అని చదివిన ప్రతిసారీ అనుకుంటాను.

ఇక్కడిదాకా అంతా సులువుగానే ఉంది. చిక్కు ఆఫీసు లోపల కూర్చున్నాక మొదలవుతుంది.

ఒక కేసు ఊహించుకుందాం. గడియార స్తంభం దగ్గర కొబ్బరి బొండాల బండి. ట్రాఫిక్‌కి అడ్డం అని మున్సిపాలిటీ తీయించింది, సామాను పట్టుకెళ్ళింది. బండి మనిషి ముందు కాగితం మీద విన్నవించుకున్నాడు, జవాబు లేదు. రెండు నెలలు చూసి నష్టపరిహారం కోసం దావా వేశాడు. ఫైలు మన విద్యార్థిని చేతికొచ్చింది. ‘దావా కొట్టేయించడానికి ఏమైనా పాయింటు ఉందేమో చూడమ్మా’ అన్నారు సీనియర్ గారు. ఆమె చూసింది, దొరికింది. అతను ఇచ్చిన నోటీసు చట్టం చెప్పిన పద్ధతిలో లేదు. మరో కాగితం కూడా దొరికింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం బండి తీయించాలంటే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి, అది ఇచ్చినట్టు ఫైల్లో ఎక్కడా లేదు. పైగా ఆ బండి దగ్గర ఆమె చిన్నప్పటినుంచీ బొండాలు తాగుతోంది. అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది, ‘ఆయ్, చెప్పండమ్మా’ అని అతనూ పలుకుతాడు. మహానగరంలో ఎదుటి పార్టీ ఒక నంబరు. కోనసీమలో ఎదుటి పార్టీకి వరస ఉంటుంది.

ఆమె ఏం చెయ్యాలి? ఒకటి మాత్రం ఖచ్చితంగా చెయ్యకూడదు. సాయంత్రం బండి దగ్గరికెళ్ళి ‘బాబాయ్, వాళ్ళు 30 రోజుల నోటీసు ఇవ్వలేదు’ అని చెప్పకూడదు. జాలి ఎంత నిజమైనా అది నమ్మకద్రోహమే. ఇవాళ బొండాల బాబాయ్‌కి చెప్పిన నోరు రేపు కాలవగట్టు ఆక్రమించి మేడ కట్టిన మావయ్యకీ చెబుతుంది. వరసలు అందరికీ ఉంటాయి. నిజానికి డబ్బున్నవాళ్ళకి ఎక్కువ ఉంటాయి.

ఇదే కారణంగా, ఊరి వకీలు అందరి పట్లా మెత్తగా ఉండాలి అనే వాదన కూడా నిలవదు. మున్సిపాలిటీ వాదించడం మానేస్తే లాభపడేది బండివాడు కాదు. మంచి ప్లీడర్ని పెట్టుకుని, ముందస్తు నోటీసు కూడా ఇవ్వకుండా స్టే తెచ్చుకోగలిగినవాడు. మరి అదే నోటీసు అభ్యంతరాన్ని మేడ మావయ్య మీద వాడొచ్చు, బండి బాబాయ్ మీద వాడకూడదు అనడం న్యాయమేనా? ఒకడు పేద, ఒకడు గొప్ప అన్నది ఒక్కటే తేడా అయితే, కాదు. చట్టం అలా మొహాలు చూసి నడవకూడదు.

తేడా ఇంకోచోట ఉంది. ఆ నియమం ఎందుకు పుట్టింది అని అడగాలి. ప్రభుత్వం మీద దావా వేసేముందు రెండు నెలల నోటీసు ఇవ్వమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ అంటుంది. చాలా మున్సిపల్ చట్టాల్లోనూ ఇలాంటి షరతు ఉంది. ఫిర్యాదు చూసుకుని, నిజమైతే కోర్టు దాకా రాకుండా సరిదిద్దుకునే అవకాశం ఇవ్వడం దీని ఉద్దేశం. మేడ మనిషి ఆ అవకాశం ఇవ్వలేదు. అతని మీద ఆ అభ్యంతరం నిజాయితీ గలది. బండి మనిషి ఇచ్చాడు, కాకపోతే పద్ధతి తెలియని భాషలో ఇచ్చాడు. రెండు నెలలు పలక్కుండా కూర్చుని ఇప్పుడు ‘నోటీసు సరిగ్గా లేదు’ అనడం, ఆ నియమాన్ని దాని ఉద్దేశం మీదకే తిప్పడం. కక్షిదారులు తారుమారైనా ఈ జవాబు మారదు. బండివాడు ఏ విన్నపమూ లేకుండా దావా వేసుంటే అభ్యంతరం అతని మీదా చెల్లేది.

సరే, ఇది తెలిసిన విద్యార్థిని చేతిలో ఏముంది? కౌంటరు మీద సంతకం ఆమెది కాదు. నిర్ణయం సీనియర్‌దీ కమిషనర్‌దీ. ‘నేను నిర్ణయించలేదు కదా’ అన్న మాట ఆఫీసుల్లో చాలామందిని హాయిగా నిద్రపుచ్చుతుంది. కానీ ఏ పాయింటు సీనియర్ బల్ల మీదకి వెళ్ళాలి, ఏది ఫైల్లోనే ఉండిపోవాలి అన్నది ఆ రోజు ఆమె చేతిలోనే ఉంది. ఒక్క పాయింటే అడిగారు కాబట్టి ఒక్కటే రాసివ్వడం సులువు. రెండూ రాయడం ఆమె పని. ఈ అభ్యంతరం ఉంది, అయినా తీసుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం, కారణం ఇది. 30 రోజుల నోటీసు మనమే ఇవ్వలేదు, రాజీకి వెళ్ళడం మేలు. ఇది బాబాయ్ పక్షాన మాట్లాడటం కాదు. రేపు కోర్టులో ఇదే కాగితం బయటపడితే మున్సిపాలిటీకి పరువూ డబ్బూ రెండూ పోతాయి, ఆ డబ్బు ఊరిది.

ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు అదే ఏడాది మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఇప్పుడు ఆ పేరు ఆఫీసు బోర్డుల మీద ఉంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో మాట్లాడుతూ ఆయన, రాజ్యాంగ నైతికత మనిషికి పుట్టుకతో వచ్చే గుణం కాదని, దాన్ని అలవాటు చేసుకోవాలని, మనవాళ్ళు ఇంకా నేర్చుకోలేదని అన్నారు. అలవాటు అనేది పెద్ద తీర్పుల్లో పడదు. కౌంటరులో ఏ పేరా ఉంచాలి, ఏది తీసెయ్యాలి అనే చోట పడుతుంది.

సీనియర్ గారు ఆ కాగితం చదివి పక్కన పెట్టెయ్యొచ్చు. నోటీసు అభ్యంతరమే పైకి రావచ్చు, దావా కొట్టేయొచ్చు కూడా. నాలుగు వారాలు అవ్వగానే సర్టిఫికెట్ ఎలాగూ వస్తుంది, అందులో ఈ సంగతి ఉండదు. బండి మళ్ళీ పెడితే ఆమె అక్కడ ఆగి బొండం తాగాల్సి వస్తుంది, ఏమీ చెప్పకుండా. అది కష్టమైన పనే. ఊరి తరఫున పనిచెయ్యడంలో ఆ కష్టం కూడా ఒక భాగం అనుకుంటాను.