క్లింట్‌లోనా, చింపాంజీల్లోనా?

జన్యువులకి పేర్లు పెట్టడంలో ఒక తమాషా ఉంది. పనేమిటో తెలిసిన వాటికి పేరుంటుంది. తెలియని వాటిలో చాలావాటికి డోర్ నంబరే దిక్కు. సి9ఓఆర్‌ఎఫ్72 అంటే తొమ్మిదో క్రోమోజోమ్ మీద డెబ్భై రెండో గుర్తు, అంతే. అందులోని లోపం ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుకి ఒక ముఖ్య కారణమని 2011లో తేలేదాకా ఆ తలుపు తట్టినవాళ్ళు తక్కువ. మనిషిలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20,000 ఉంటే, పరిశోధనలో ఎక్కువ భాగం వాటిలో కొన్నిటి చుట్టూనే తిరుగుతుంది. నేను పీహెచ్‌డీకి అలాంటి డోర్ నంబరొకటి ఎంచుకున్నాను.

ల్యాబ్ లేదు, కోతుల్లేవు. యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ తెరిచి, మనిషి జన్యువు పక్కన చింపాంజీది, గొరిల్లాది, ఒరాంగుటాన్‌ది, రీసస్ కోతిది పేర్చి చూడటమే పని. హాస్టల్ గదిలో, అర్ధరాత్రి, పైసా ఖర్చు లేకుండా. ఎవర్నీ నొప్పించని పని కదా అని లోపల్లోపల కాస్త గర్వం కూడా.

ఒకరోజు చింపాంజీ వరసలో నా జన్యువు మధ్యలోనే తెగిపోయి కనిపించింది. ప్రోటీన్ పూర్తవకముందే 'ఇక ఆపు' అనే సంకేతం. "చింపాంజీల్లో ఈ జన్యువు పాడైపోయింది" అని రాసి గైడ్‌కి పంపాను. మేడమ్ ఒకటే అడిగారు: "చింపాంజీల్లోనా, ఒక చింపాంజీలోనా?"

వెతికితే దొరికాడు క్లింట్. (తెలుగు వ్యాకరణం 'దొరికింది' అనమంటుంది. నాకు నోరు రావడం లేదు.) అట్లాంటాలోని యర్కీస్ ప్రైమేట్ కేంద్రంలో ఉండేవాడు. పుట్టింది బోనులోనే, మూలాలు పశ్చిమ ఆఫ్రికావి. 2004లో, 24 ఏళ్ళ వయసులో, గుండె ఆగి పోయాడు. ఆ మరుసటి ఏడు నేచర్ పత్రికలో వచ్చిన చింపాంజీ జీనోమ్ ప్రధానంగా అతనిదే. 2018లో దాన్ని సరిదిద్ది మళ్ళీ కట్టినప్పుడూ అతని కణాలే వాడారు. ఆ ఫైలు పేరు క్లింట్_పీటీఆర్‌వీ2. అంటే నేను నెలల తరబడి అతని పేరు క్లిక్ చేస్తూనే ఉన్నాను, చదవలేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. చింపాంజీలు మెతుకులు కావు. మిగతా చింపాంజీల డేటా తెరిస్తే నా జన్యువు నిక్షేపంగా ఉంది. తెగింది క్లింట్‌లోనే, లేదా అతన్ని చదివిన యంత్రంలో.

తప్పు సరిదిద్దుకున్నాను. కానీ ఇంకోటి పట్టుకుంది. ప్రభుత్వ మానవ జీనోమ్ ప్రాజెక్టులో రక్తమిచ్చినవాళ్ళ అనుమతి తీసుకున్నారు, పేర్లు దాచారు. 1951లో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ కణాల జీనోమ్‌ని 2013లో అడక్కుండా బయటపెడితే కుటుంబం అభ్యంతరం చెప్పింది. దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడది చూడాలంటే దరఖాస్తు పెట్టాలి. క్లింట్ తరఫున అభ్యంతరం చెప్పడానికి ఎవరున్నారు? అడిగినా అతనికి అర్థం కాదు కదా అంటాడు నా రూమ్మేట్. నిజమే. అర్థం కాని వాళ్ళ దగ్గర అడక్కుండా తీసుకోవచ్చా అంటే మాత్రం వాడూ నీళ్ళు నమిలాడు.

డేటాబేస్ వల్ల కొత్తగా ఇంకో జంతువుకి సూది గుచ్చాల్సిన పని తప్పుతుందన్నది గట్టి వాదనే, నేనూ ఒప్పుకుంటాను. అయితే తెలియని జన్యువు ఏ అవయవంలో పనిచేస్తుందో చూడాలంటే మెదడు, గుండె, వృషణాల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ కావాలి. ఆ గ్రాఫులో ఒక్కో గీత వెనకా ఒక శవం ఉంటుంది. అది నా గదికి వాసన రాదు, అంతే తేడా.

పని మానేశానా? లేదు. థీసిస్‌లో 'చింపాంజీలో' అన్న చోటల్లా 'క్లింట్‌లో' అని మార్చాను. మేడమ్ చాలావరకు కొట్టేశారు. రెండు చోట్ల ఉంచారు.