రెండవ ప్రమాణం

ఇచ్చిన మాట తప్పరాదన్నది లోకనీతి. కాని ఆ మాటను అందుకొన్న రాజ్యమే లేకపోయినప్పుడు మాట గతి ఏమి? భీష్ముడు హస్తినాపుర సింహాసనానికి కట్టుబడి, అధర్మమని తెలిసిన పక్షాన నిలిచి పోరాడినాడు. ఆయన ధర్మసంకటం ఘోరమైనదే. అయినా ఆ సింహాసనం ఆయన కన్నులయెదుట ఉన్నది. 1991వ సంవత్సరాంతాన ఉక్రెయిన్‌లోని సోవియట్ సైనికాధికారులకు ఆపాటి ఆధారమైనా మిగలలేదు.

ఆ సంవత్సరం ఆగస్టు 24న ఉక్రెయిన్ శాసనసభ స్వాతంత్ర్యం ప్రకటించి, తన భూభాగంలోని సోవియట్ సేనలు ఇకపై తన అధికారానికి లోబడి ఉండునని నిర్ణయించినది. ఆ సేనలలోని వారు 7 లక్షలకు పైబడినవారు. తొలి రక్షణమంత్రి కోస్త్యాంతిన్ మొరోజోవ్ సైతం నిన్నటి సోవియట్ వైమానిక సేనానియే. డిసెంబరు 6న కొత్త ప్రమాణపాఠం ఆమోదం పొందినది. ఆ నెల ముగియకముందే సోవియట్ రాజ్యం అంతరించినది. 1992 జనవరి ఆరంభంలో అధికారులు వరుసగా ప్రమాణం చేయసాగినారు. ఫిరంగులను, విమానాలను లెక్క వ్రాసి స్వాధీనం చేసుకొనవచ్చును. మనుష్యుల విశ్వాసాన్ని అట్లు శాసనంతో చేతులు మార్చుట సాధ్యమా?

సోవియట్ సైనికుడు తుదిశ్వాసవరకు తన ప్రజలకు, సోవియట్ మాతృభూమికి, సోవియట్ ప్రభుత్వానికి విధేయుడనని ప్రమాణం చేసేవాడు. ఆ మూడింటిలో ప్రభుత్వం పోయినది, ఆ పేరుగల మాతృభూమి పోయినది. ప్రజలు మాత్రం మిగిలినారు. కనుక రెండవ ప్రమాణం మొదటిదానికి భంగం కాదని, అందులో మిగిలిన భాగాన్ని నిలుపుకొనుటయే అని వాదింపవచ్చును. వాదం బలమైనదే. కాని సైబీరియాలో పుట్టి కీవ్‌లో కొలువు చేయుచున్న అధికారికి ‘తన ప్రజలు’ ఎవరు? దీనికి తర్కం బదులు చెప్పలేదు. పైగా జీతము, ఇల్లు, పిల్లల చదువు కూడ మనుష్యుని ఒకచోట కట్టివేయును. ప్రమాణం చేసిన ప్రతివాడును దృఢవిశ్వాసంతోనే చేసినాడని అనలేము.

ఇష్టం లేనివారు తొలగి పోవుటకు ఉక్రెయిన్ దారి విడిచినది. వేలమంది అధికారులు రష్యాకు, ఇతర రాజ్యాలకు తరలిపోయినారు. వారిని ద్రోహులనుట అన్యాయం. కాదనుటకు వీలులేని ప్రమాణం ప్రమాణమే కాదు, సంకెల. అయితే ఈ స్వేచ్ఛకు ఒక ఎల్ల కలదు. 1992 ఫిబ్రవరిలో స్తారొకోస్త్యాంతినివ్ స్థావరం నుండి కొందరు వైమానికులు 6 బాంబరు విమానాలను రష్యాకు తీసుకొనిపోయినారు. తమ విధేయత తమ సొత్తు. విమానాలు తమ సొత్తు కావు.

2014లో రష్యా క్రిమియాను ఆక్రమించుకొన్నప్పుడు అక్కడి ఉక్రెయిన్ సైనికులలో పెక్కుమంది పక్షం మార్చినారు. నౌకాదళానికి అధిపతిగా నియమితుడైన అధికారియే మరునాడు ఎదుటిపక్షానికి ప్రమాణం చేసినాడు. ఇది చూచి ప్రమాణాలన్నీ నోటిమాటలే అనిపించుట సహజం.

కాని ఆ మార్చి 4న బెల్‌బెక్ వైమానిక స్థావరంలో కొందరు ఉక్రెయిన్ సైనికులు నిరాయుధులై రష్యన్ తుపాకులకు ఎదురుగా నడిచినారు. వారి చేతులలో రెండు పతాకాలు ఉన్నవి: ఒకటి ఉక్రెయిన్‌ది, మరొకటి సోవియట్ కాలంనాటి తమ దళపు ఎర్రజెండా. రెండవ ప్రమాణాన్ని నిలుపుకొనుటకు వారు మొదటిదాన్ని నేలపాలు చేయనక్కరలేకపోయినది. తన మాట ఎవరి రక్షణకై ఇచ్చినదో ఎరిగినవాడు రెండు జెండాలను మోయగలడు. అది ఎరుగనివాడు యజమాని మారినప్పుడెల్ల జెండా మార్చుకొనుచునే ఉండును.