యుద్ధంలో పావురం పాట

తిరువూరులో మా అమ్మమ్మ రోట్లో పప్పు రుబ్బుతూ, 'స్వర్గసీమ'లో భానుమతి పాడిన పావురం పాట కూనిరాగం తీసేది.

1945 నాటి సినిమా అది. దానికి మూడేళ్ల ముందే విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1943లో బెంగాల్ కరువు. "అలాంటి రోజుల్లో ప్రేమపాటలేంటి అమ్మమ్మా?" అన్నాను ఓసారి.

"అన్నయ్య బర్మా యుద్ధంలో ఉన్నాడు. ఉత్తరం రాని రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదురా. పాటైనా ఉండాలిగా."

ఆ పాటకి ప్రేరణ రీటా హేవర్త్ సినిమా. యుద్ధం సాగుతుండగానే, 1944లో, ఆవిడ 'కవర్ గర్ల్' అనే ప్రేమ మ్యూజికల్ చేసింది. అలాంటి సినిమాల్ని పలాయనం అనేవాణ్ణి. కరువులో పోయినవాళ్లకి ఏ పాటా అన్నం పెట్టలేదు, నిజమే. కానీ పారిపోయేవాళ్లు వెనక్కి రారు. అమ్మమ్మ మాత్రం పాట అవగానే వాకిట్లోకొచ్చి పోస్టుమాన్ కోసం చూసేదట.