ఎవరి గదిలో మోగుతోంది?

శ్రీరాంపూర్‌లో మా క్వార్టర్‌కీ పక్క క్వార్టర్‌కీ మధ్య ఒకటే గోడ. అవతల కాక పడుకుంటాడు. రాత్రి పదకొండుకి బాయిలోకి దిగి, పొద్దున ఏడింటికి పైకొచ్చి, ఇంత తిని, తొమ్మిదింటికల్లా నిద్రపోయే మనిషి. 2020లో ఆఫీసు ఇంటికొచ్చేసినప్పుడు, హైదరాబాద్ నుంచి లాప్‌టాప్‌తో పాటు 15 వాట్ల వాల్వ్ యాంప్ ఒకటి మోసుకొచ్చాను. 15 వాట్లంటే చిన్నదే కదా అనుకుంటారు తెలియనివాళ్ళు.

వాల్వ్ యాంప్‌తో చిక్కేమిటంటే, దాన్ని ఇబ్బంది పెడితే తప్ప దాని అందం బయటికి రాదు. వాల్యూమ్ ఒక హద్దు దాటాక సిగ్నల్ అంచులు నలిగి ఆ గరగర పుడుతుంది. తక్కువలో పెడితే రేకు డబ్బా. ఒక శనివారం పదకొండింటికి ఆ హద్దు దాటించాను. నాలుగు నిమిషాలు వాయించానేమో. కాక లుంగీ మీద బయటికొచ్చి, ఎర్రటి కళ్ళతో, "ఇంకెంతసేపు ఉంటది బిడ్డా?" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

సాయంత్రం బాపు చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "నైట్ చేసేటోని నిద్ర ఇంట్ల చెడగొడితే, ఆ నిద్ర పోయి బాయిల వస్తది."

అప్పటిదాకా ఏ గేర్ కొనాలన్నది నాకు రుచికి సంబంధించిన విషయం. ఆ మాటతో అది మారిపోయింది. యాంప్ ముందు షూర్ ఎస్ఎం57 మైకు పెట్టి రికార్డ్ చేయడం ఒక దారి. గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి గుచ్చి, యాంప్ పనిని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించి, హెడ్‌ఫోన్స్‌లో వినడం రెండో దారి. రెండోది ఎంచుకుంటే మిత్రులు "ఫేక్ టోన్" అంటారు.

ఫేక్ అంటే ఏమిటి? 1965లో వచ్చిన ఆ మైకుని స్పీకర్ గుడ్డకి అంగుళం దూరంలో పెట్టి రికార్డ్ చేస్తున్నారు. ఏ శ్రోతా అక్కడ చెవి పెట్టి వినడు. 1958లో 'రంబుల్' కోసం లింక్ రే తన స్పీకర్‌కి పెన్సిల్‌తో బొక్కలు పొడిచాడు. మనం అసలు అనుకునేది కూడా ఎవరో ఒకరు పనిగట్టుకుని పాడుచేసుకున్నదే. పోలరాయిడ్‌లో ఇంజనీరుగా పనిచేస్తూ టామ్ షోల్జ్ ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డ్ చేసిన పాటలే చాలావరకు 1976లో బోస్టన్ మొదటి ఆల్బమ్ అయ్యాయి. 1982లో ఆయనే హెడ్‌ఫోన్స్‌తో వాయించుకునే 'రాక్‌మన్' తెచ్చాడు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు పాట కట్టుకున్న ఇంజనీరు కాబట్టి నాకు ఆయనంటే కొంచెం పక్షపాతం, దాచను.

ఇప్పుడు 'న్యూరల్ యాంప్ మోడలర్' ఉచితంగా దొరుకుతుంది. ఎవరో తమ యాంప్‌లోకి ఒక సిగ్నల్ పంపి, బయటికొచ్చింది రికార్డ్ చేసి, ఆ రెంటి మధ్య సంబంధాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పిస్తారు. దానికి ఇంపల్స్ రెస్పాన్స్ జోడిస్తాం. అంటే ఒక స్పీకర్, ఒక మైకు, ఒక గది కలిసి శబ్దానికి ఎలా స్పందిస్తాయో పట్టిన చిన్న ఫైలు. రెండూ కలిస్తే నా మంచం మీద 100 వాట్ల మార్షల్! గోడ అవతలికి వెళ్ళేది తీగల మీద పిక్ చేసే టిక్ టిక్ మాత్రమే.

తేడా ఏమీ లేదని మాత్రం అనను. అనేవాళ్ళు అబద్ధం చెప్తున్నారు. నిజం యాంప్ ముందు నిలబడితే శబ్దం కడుపుకి తగులుతుంది, తీగ తనంతట తనే మోగడం మొదలెడుతుంది, వాయించే చెయ్యి దానికి లొంగి ఇంకోలా కదులుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అది పోతుంది. నష్టం ఉంది, ఎవరో ఒకరు భరించాల్సిందే. కాక తన నిద్రని ఇంకో పూటకి జరపలేడు. నేను నా శబ్దాన్ని జరపగలను. కళ కోసం పక్కవాళ్ళు ఓర్చుకోవాలనే మాట పుస్తకాల్లో బాగానే ఉంటుంది గానీ, ఓర్చుకోవడం ఎప్పుడూ పక్కవాళ్ళ వంతే ఎందుకవుతుంది?

ఇంతా చేసి, రెండు నెలలు ఇంపల్స్ ఫైళ్ళు మార్చి మార్చి వింటూ ఒక్క పాటా పూర్తి చేయలేదు. దానికి కాక నిద్ర కారణం కాదు.

చాన్నాళ్ళకి కాకే అడిగాడు, "గిటార్ బంజేసినవా?" అని. హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి పెట్టి వాయించాను. చుట్టూ చూశాడు. "ఇది ఏ ఇంట్ల మోగుతున్నట్టు?" అన్నాడు. ఎవరిదో ముక్కూ మొహం తెలియని స్టూడియో అని చెప్పలేక నవ్వేశాను.

బాపు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాల్సొచ్చింది. సామాను తీసేశాక ముందుగదిలో మైకు పెట్టి బెలూన్ ఒకటి పగలగొట్టి రికార్డ్ చేశాను. గది స్పందన పట్టడానికి అది చవకైన పద్ధతి. ముందుగా పక్కింటి తలుపు తట్టి, కాక లేచాడో లేదో కనుక్కున్నా. లేచే ఉన్నాడు, ఛాయ్ తాగుతున్నాడు. ఫైలు అంత బాగా రాలేదు. గది గణగణమంటుంది, చివర్లో కాక దగ్గు కూడా పడింది. కత్తిరించొచ్చు, కత్తిరించలేదు.